కలిపినవాడి కలవరం

గంటంటే అరవై నిమిషాలేనని గోడ గడియారం ఎంత మొత్తుకున్నా నర్సింగ్ నమ్మే స్థితిలో లేడు. అతని ముందు వేడినీళ్ళ తొట్టిలో మెడదాకా మునిగి ఒక గాజు సీసా తీరుబడిగా స్నానం చేస్తోంది. సీసాలో ఈ పొద్దున రెండో బావి నుంచి పట్టిన సరుకు. చిక్కటి చాయ్ రంగు. నూనె ఎక్కడ ఆగిందో నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో తెలియకుండా రెండూ కావిలించుకుని కూర్చున్నాయి. వాటిని విడదీసే మందు రెండు చుక్కలు వేశాడు. ఇక విరగాలి. ఇంట్లో పాలు విరిగితే ఏడుపు, ఇక్కడ ఇది విరిగితే పండగ. విరగాల్సింది సీసాలోది, సీసా కాదు. సీసా విరిగితే నర్సింగ్ నడుం కూడా విరుగుతుంది. నీళ్ళు కిందికి దిగుతాయి, నూనె పైకి తేలుతుంది, మధ్యలో ఒక గీత పడుతుంది. ఆ గీతే ఫలితం. ఇప్పుడు ఎనిమిదిన్నర. తొమ్మిదిన్నరకు పరీక్షలు చూసే తూబా మేడం వచ్చి గీత చూస్తుంది, అంకె రాస్తుంది, దోహాకు పంపిస్తుంది. ఇన్నాళ్ళూ ఈ బావి నూరు పాళ్ళు కక్కితే అందులో నూనె మూడు పాళ్ళు, మిగతాదంతా ఉప్పునీళ్ళు. ఇవాళ కూడా మూడే అయితే ఏం తప్పు జరిగిందని వెతుకుతారు. వెతికితే డ్రమ్ము దొరుకుతుంది. డ్రమ్ము దొరికితే నర్సింగ్ దొరుకుతాడు. మూడు దాటితే మాత్రం ఎవరూ ఏమీ అడగరు. దాటు తల్లీ, దాటు, అని ఆ సీసాకు చేతులెత్తి మొక్కబోయి, పైన కెమెరా ఉందని గుర్తొచ్చి, ఎత్తిన చేతులతో తల గోక్కున్నాడు.

కూర్చున్నాడు. లేచాడు. ఏసీ కింద నిలబడితే చలి. తలుపు తీస్తే ఆగస్టు ఎండ వేడి పెనం తెచ్చి ముఖానికి అంటించింది. మూశాడు. పడమటి ఎడారిలో ఈ రేకుల క్యాబిన్, దాని వెనక మందులు కలిపే తొట్లు, తొట్ల అవతల రెండు బావులు. ఒక బావిలోకి మందునీళ్ళు దించడం, రెండో బావిలోంచి వచ్చింది పట్టుకోవడం, అంతే పని. మెట్‌పల్లి పక్కన తన ఊళ్ళో ఎవడైనా పొలానికి పోతే బాయికాడికి పోయిండంటారు, ఇటువైపు ఏ దేశం పోయినా దుబాయికి పోయిండంటారు. ఖతర్ అని ఏళ్ళ తరబడి చెప్పినా భార్య గంగామణి కూడా దుబాయే అంటుంది. మొదట్లో దిద్దేవాడు. ఈ పనిలో చేరాక మానేశాడు. దో బాయి! రెండు బావులు! అదే కదా తను చేసే పని, ఊరివాళ్ళే సరిగ్గా చెప్పారు, మధ్యలో తప్పు దిద్దింది తనే. ఆ మాట విని మక్బూల్ భాయ్ తొట్టి పట్టుకుని నవ్వాడు. ముల్తాన్ మనిషి, ఫోర్‌మన్, నవ్వితే బొజ్జ ముందు నవ్వి మీసం తర్వాత నవ్వుతుంది. దో బాయి, ఏక్ భాయ్, అని తన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. ఆ భాయ్‌కే తను… నర్సింగ్ మళ్ళీ లేచాడు. సీసాలో అడుగున నీళ్ళు కొంచెం తేటపడ్డట్టున్నాయి. పడ్డాయా? కళ్ళజోడు తుడిచి చూశాడు. తేటపడింది కళ్ళజోడే.

మెచ్యూర్ ఫీల్డ్ అని చెప్పాడు మొదటిరోజు పాఠం చెప్పిన ఇంజినీరు. నర్సింగ్ పక్కున నవ్వాడు. గదిలో ఇంకెవరూ నవ్వలేదు, ఎందుకంటే గదిలో ఇంకో తెలుగువాడు లేడు. మా ఊళ్ళో పిల్ల మెచ్యూర్ అయితే ఫ్లెక్సీలు కట్టి, మైకు పెట్టి, మేకలు కోస్తాం సార్, ఇంత పెద్ద ఫీల్డు మెచ్యూర్ అయితే ఎన్ని మేకలు కోయాలో, అని చెప్పాలనిపించింది. ఇంగ్లీషు చాలక ఊరుకున్నాడు. ఇక్కడ మెచ్యూర్ అంటే వయసొచ్చింది కాదు, వయసు మళ్ళింది. ఏళ్ళ తరబడి తోడితే తేలిగ్గా వచ్చే నూనె వచ్చేసింది, మిగిలిన సగానికి పైగా భూమిలోపల రాతి సందుల్లో జిడ్డులా పట్టుకుని రానంటే రానంటోంది. ఒట్టి నీళ్ళు పంపితే నీళ్ళు తెలివైనవి, సులువైన సందు చూసుకుని ఖాళీగా వచ్చేస్తాయి. అందుకని మూడు మందులు కలిపి పంపాలి. బట్టలుతికే సోడా, నూనెను రాతి నుంచి ఊడదీసే సబ్బు, నీళ్ళను చిక్కబరిచి వెనక నుంచి గోడలా నెట్టే జిగురు. ఏ ఒక్కటీ ఒంటరిగా పనికిరాదు. సబ్బు ఒక్కదాన్నే పంపితే దారిలో రాయే తాగేస్తుంది, సోడా తోడుంటే ఆ రాయి నోరు మూస్తుంది. జిగురు ఒక్కదాన్నే పంపితే వదులుగా ఉన్నదాన్ని నెడుతుంది తప్ప పట్టుకున్నదాన్ని ఊడదీయలేదు. ఇంకో విచిత్రం తూబా మేడం చెప్పింది. బోధన్ వాళ్ళమ్మాయి, పెరిగింది దోహాలోని అల్ ముంతజాలో, ఆమె తెలుగులో సగం ఉర్దూ, సగం వాళ్ళ అమ్మమ్మ. "నూనెలనే కొంచెం పులుపు ఉంటది నర్సింగన్నా. సోడా తగిలినాక ఆ పులుపే సబ్బు అయితది. దాని జిడ్డు అదే కడుక్కుంటది, సమజయిందా?" సమజైంది మేడం. కడుక్కోవడం రానిది నాకే.

జిగురు పొడిని నీళ్ళలో కలపడం అందరికీ చేతకాదు. ఒక్కసారి గుమ్మరిస్తే ఉండలు కడుతుంది, ఉండలు పోయి బావి నోట్లో అడ్డంపడతాయి. ఇంతకుముందు ఆ పని చేసినవాడు ఉండలు కట్టించి ఉండలేక పోయాడు. అప్పుడు నర్సింగ్ హెల్పర్, మెసయీద్ స్టీలు కంపెనీలో పదేళ్ళు పార పట్టి ఇక్కడికి వచ్చినవాడు. పక్కన నిలబడి చూస్తూ చూస్తూ ఉండబట్టలేక తొట్టి దగ్గరికి పోయి, నీళ్ళు సుడి తిరుగుతుంటే ఆ సుడి అంచున, వాళ్ళమ్మ మక్కగట్క కాచేటప్పుడు పిండి చల్లినట్టు, వేళ్ళ సందుల్లోంచి పొడి చల్లాడు. ఒక్క ఉండ కట్టలేదు. మక్బూల్ భాయ్ తొట్టిలో టార్చి వేసి చూసి, ఏయ్ వంటవాడా, అన్నాడు. నెల తిరిగేసరికి మెళ్ళో ఆపరేటర్ కార్డు పడింది. ఆ కార్డు కోసం పేరు ముందు రికమండ్ అని రాసింది మక్బూల్. పదిహేనేళ్ళలో నర్సింగ్ చెయ్యికి బరువు కాక పనితనం అడిగిన ఉద్యోగం ఇదొక్కటే. మళ్ళీ పార పట్టుకోవాలన్నా పడతాడు, కానీ ఈ చెయ్యి ఒప్పుకోదు. ఇప్పుడు కార్డు ఏసీ గాలికి ఊగుతోంది, అటూ ఇటూ, ఉంటావా పోతావా అన్నట్టు. పట్టుకుని చొక్కా జేబులో దోపాడు.

ఫోను మోగింది. గంగామణి.

"ఏం జేస్తున్నవయ్యా?"

"కలిపేకాడ ఉన్న. నువ్వు?"

"పసుపుల కలుపు తీత్తున్న. కూలోల్లు ఛాయ్ తాగుతున్నరు. నువ్వక్కడ కలుపు, నేనిక్కడ కలుపు తీత్త, మన సంసారం ఇట్లనే తెల్లారె."

నర్సింగ్ నవ్వాడు. నవ్వు సగంలోనే ఆగింది. గంగామణికి ఆ ఆగిన చోటు వినిపించింది.

"ఏమైంది? నెలరోజుల సంది నోట్లె గోలీ పెట్టుకున్నోని తీరుగ మాట్లాడుతున్నవ్. మింగు, లేకుంటె ఉమ్మెయ్."

"ఏం లేదే. గర్మి ఉన్నది."

"గర్మి ఎన్నడు లేదు దుబాయిల? పదిహేనేండ్లు లేని గర్మి ఇయ్యాల్నే కొత్తగొచ్చిందా? సరే, పెడుతున్న. కలుపు ఒక్కరోజు ఇడిసిపెడితె నెత్తికెక్కుతది."

పెట్టేసింది. పసుపుచేను మధ్య నిలబడి ఆమె అన్న ఆ పసుపు అనే మాట మాత్రం ఫోను పెట్టేశాక కూడా క్యాబిన్‌లోనే ఉండిపోయి నర్సింగ్ చుట్టూ ఈగలా తిరిగింది. పసుపు పండించే ఊళ్ళో పుట్టినవాడు పసుపును పారబోశాడు. ఇసకలో.

కల్. దిక్కుమాలిన మాట. తెలుగువాడికి నిన్న వేరు, రేపు వేరు. మధ్యలో నిలబడి అటు చూసుకుని ఏడవచ్చు, ఇటు చూసుకుని నవ్వొచ్చు. ఈ హిందీ ఉర్దూలవాళ్ళకు రెండూ కల్లే. నిన్నా కల్లే, రేపూ కల్లే, అదేం కల్లో తాగకుండానే తల తిరుగుతుంది. నలభై రెండు రోజుల కింద షెడ్డులో రెండు సబ్బు డ్రమ్ములున్నాయి. పసుపు లేబులుది ముందురోజు మూత తీసి సగం తొట్ల పరీక్షకే వాడేశారు, సగం ఉంది. నీలం లేబులుది ఈ భూమి ఉప్పుకీ వేడికీ పసుపు ఆగదేమోనని తెప్పించిన కొత్త రకం, మర్నాడు బండెక్కి దోహాలో పరీక్షకు పోవాల్సింది. పొద్దున్నే మక్బూలే దాని మీద చరిచి, యే కల్ వాలా హై, అన్నాడు. రేపటిది అని. పదింటికి తొట్టి దగ్గర వాకీటాకీ గరగరమంది. "నర్సింగ్, కల్ వాలా డాలో ఆధా డ్రమ్, యల్లా యల్లా!" కల్ వాలాది సగం డ్రమ్ము పొయ్యి, తొందరగా, అని. కల్ వాలా అంటే పొద్దున చరిచిన నీలందే కదా. సీలు తెంపాడు. సగం డ్రమ్ము కొలిచి పోశాడు. సోడా కలిపాడు, గట్క వేళ్ళతో జిగురు చల్లాడు, సాయంత్రానికి అంతా మొదటి బావిలోకి దిగిపోయింది. మక్బూల్ కాగితంలో రాశాడు: పసుపు, సగం డ్రమ్ము. నర్సింగ్ చదవకుండా కింద సంతకం పెట్టాడు. ఆయన కల్ నిన్న. ఇతని కల్ రేపు. ఒక్క మాటలో ఇరవైనాలుగు గంటలు కాదు, నలభై ఎనిమిది గంటల తేడా. మర్నాడు తెల్లవారి షెడ్డు తెరిచి కాగితం చూసినప్పుడు తెలిసింది. కాగితం ప్రకారం ఖాళీ కావాల్సిన పసుపు అలాగే ఉంది, నిండుగా ఉండాల్సిన నీలం సగమైంది. కాళ్ళ కింద ఇసక ఎప్పుడూ ఉంటుంది, ఆ పొద్దున మాత్రం కదిలింది.

అప్పుడే చెప్పేస్తే పోయేది. ఒక మాట తప్పు విన్నాను భాయ్, అంటే పోయేది. బాగా తిట్టేవాడు, తిట్టి ఛాయ్ పోసేవాడు. కానీ ఆ నిమిషంలో కార్డు కనిపించింది, పార కనిపించింది, ముందు ఉండలు కట్టినవాడు సూట్‌కేసు ఈడ్చుకుంటూ బస్సెక్కడం కనిపించింది, ఆ మూడూ కలిసి నర్సింగ్ చేతుల్ని నడిపించాయి. పసుపు డ్రమ్మును షెడ్డు వెనక్కి దొర్లించి ఇసకలో గుమ్మరించాడు. నీలం డ్రమ్మును అదే చోటికి ఈడ్చి దాని కొళాయి వదులు చేశాడు. గాలి లేచింది. ఇసకలోంచి నురగ పొంగింది. బుడగలు బుడగలుగా లేచి ఎడారి మీదుగా ఎగిరిపోతుంటే, ఆ ఎడారి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తలంటు పోసుకున్నట్టుంది. పని చేసిన నర్సింగ్‌కే నవ్వొచ్చింది. మక్బూల్ వచ్చి చూసి, యే క్యా హువా, అన్నాడు. లీక్ హోగయా భాయ్, అన్నాడు నర్సింగ్. ఒక్క ముక్క. డ్రమ్ము కారలేదు, కారింది నోరు. ఖరీదైన కొత్త సరుకును ఎండలో వదిలేశాడని మక్బూల్‌కు వార్నింగ్ లెటరొచ్చింది. ఇంకొకటి వస్తే ఇంటి టికెట్టే. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, గర్మీ హై, ప్లాస్టిక్ హై, ఆద్మీ క్యా కరేగా, అన్నాడు, ఈ వేడికి ప్లాస్టిక్కు ఆగకపోతే మనిషేం చేస్తాడని. ఆ శుక్రవారం ఇద్దరూ దోహా పోయి నజ్మాలో ఒకే పళ్ళెంలో బిర్యానీ తిన్నారు. లెగ్ పీసు ఒక్కటే వచ్చింది. మక్బూల్ దాన్ని నర్సింగ్ వైపు తోశాడు. మనుషులు తమ వాటాలోంచి తోసేది కూడా ఇంత బరువుంటుందని నర్సింగ్‌కు అప్పుడే తెలిసింది.

తొమ్మిది పది. సీసాలో గీత. వచ్చింది. ఇంకా చెదిరి ఉంది, పొగలా ఊగుతోంది, కానీ పైన నల్లటి పట్టీ ఒకటి గట్టిపడుతోంది. వంగాడు. అంకె చదవబోయి కళ్ళు మూసుకున్నాడు. చూడకపోతే మూడు కాదు, చూడకపోతే పది కాదు, ఇంకో ఇరవై నిమిషాలు ఏదీ కాదు. నీళ్ళకూ నూనెకూ ఒక మందు చుక్క చాలు విడిపోవడానికి, నిజానికీ అబద్ధానికీ ఏ మందు కనిపెట్టారో ఈ ఇంజినీర్లు! నలభై రెండు రోజులుగా రెండూ కలిసి తనలో చాయ్ రంగులో కూర్చున్నాయి. నిద్రలో ఉలిక్కిపడితే పక్క మంచంవాడు ఏం కల అని అడుగుతాడు. కల కాదురా, కల్.

తలుపు తెరుచుకుంది. తూబా మేడం హెల్మెట్టు తీసి బల్ల మీద పడేసింది.

"ఏమన్నా, చూసినరా?"

"మీరే చూడాలె మేడం."

వంగింది. సీసాను తొట్టిలోంచి తీసి వెలుతురుకు పట్టింది. గోరుతో గీత దగ్గర తట్టింది. మళ్ళీ చూసింది. తర్వాత చేసిన శబ్దం ఏ భాషదో చెప్పడం కష్టం.

"గ్యారా! పదకొండు! నర్సింగన్నా, మూడు ఎక్కడ, పదకొండు ఎక్కడ! మీ చెయ్యి బంగారం అన్నా!"

నర్సింగ్ ఒంట్లోంచి నలభై రెండు రోజుల గాలి ఒక్కసారి బయటికి పోయింది. దాటింది. ఎవరూ ఏమీ అడగరు. కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. మేడం అప్పటికే మక్బూల్‌కు ఫోన్ చేసి పదకొండు అని అరిచేసింది. తర్వాత దోహాకు. ఆ మాటలన్నీ ఇంగ్లీషులో గబగబా పోతున్నాయి, నర్సింగ్‌కు అక్కడక్కడ అందుతున్నాయి. సక్సెస్ అందింది. పన్నెండు బావులు అందింది. ఆర్డర్ అందింది. యెల్లో అందింది. రెండోసారి యెల్లో అంది. కాగితం మీద ఆమె పెన్ను ఆ మాట కింద గీత గీసింది.

పన్నెండు బావులకు పసుపు. ఈ భూమి ఉప్పుకీ వేడికీ తట్టుకోలేని పసుపు, అసలు బావిలోకే దిగని పసుపు, ఇసకలో నురగై ఎగిరిపోయిన పసుపు. పన్నెండు బావుల్లో పోస్తారు, ఆరు నెలలు చూస్తారు, ఆఖరికి మూడే వస్తుంది, ముసలి బావి పనికిరాదని మూత పెట్టి అందరినీ బస్సెక్కిస్తారు. లోపల ఉన్న నూనె లోపలే ఉంటుంది. అడిగేవాడు ఎవడూ ఉండడు. అడగకపోవడమే కదా తను సీసాకు మొక్కుకుంది. మొక్కు తీరింది. నర్సింగ్ లేచాడు. కూర్చున్నాడు. మేడం ఈమెయిల్ తెరిచింది. లేచాడు.

"మేడం."

"ఒక్క నిమిషం అన్నా."

"పంపకండి మేడం. అది పసుపు కాదు."

ఆమె వేలు మీట మీదే ఆగింది. "ఏమన్నరు?"

"బావిల పోసింది నీలం. పసుపు కాదు. సగం డ్రమ్ము, సీలు నేనే తెంపిన."

"నీలం లీక్ అయింది కదా."

"కాలేదు. పసుపు ఇసుకల పారబోసిన. లీక్ అయిందని అబద్ధం చెప్పిన."

మేడం కుర్చీ తిప్పి అతని వైపు చూసింది. కోపం వస్తే అరుస్తుందనుకున్నాడు, ఆమె గొంతు చిన్నదైపోయింది.

"రోజూ పొద్దున నాతోని ఛాయ్ తాగినరు అన్నా మీరు. నలభై రోజులు నేను పసుపు పసుపు అని లెక్కలు కడుతుంటే, చక్కెర ఎక్కువైంది మేడం అన్నరు."

నర్సింగ్ సీసాను తీసి మళ్ళీ తొట్టిలో నిలబెట్టాడు.

"పక్కానా? నీలమేనా?"

"మా ఇంటిదాని మీద ఒట్టు. కావాలంటే ఆ రోజు తొట్టిల సాంపిల్ సీసా ఫ్రిజ్‌ల ఉన్నది, చూడుండ్రి."

ఆమె పసుపు అన్న మాటను కొట్టేసింది. ఒకసారి కాదు, కాగితం చిరిగేదాకా. "ఇది నేను రాసినాక మక్బూల్ భాయ్ వార్నింగ్ పోతది. మీకు వస్తది. వార్నింగ్ కాదు, ఇంకా పెద్దదే రావొచ్చు. నేను ఆపలేను. తెలుసు కదా?"

"తెలుసు మేడం."

"ఆయనకు నేను చెప్పాల్నా?"

బయట పికప్ బ్రేకు కీచుమంది. హారన్ పెళ్ళి బ్యాండులా మోగింది, ఒకసారి, రెండుసార్లు, ఆపకుండా.

"వద్దు మేడం," అని నర్సింగ్ తలుపు తీశాడు.

ఎండ. ఎండలో మక్బూల్, ఇంజను ఆపడం కూడా మరిచిపోయి, రెండు చేతులూ బార్లా చాపి వస్తున్నాడు. "గ్యారా! ఓయ్ నర్సింగ్, గ్యారా! ముబారక్ హో!" బొజ్జ ముందు చేరింది, మీసం తర్వాత చేరింది, నర్సింగ్‌ను నేల మీద నుంచి ఒక అంగుళం లేపినంత పని చేశాడు. చెమట, అత్తరు, డీజిలు. వీపు మీద దెబ్బలు, ఒకటి, రెండు, మూడు, శాబాష్, శాబాష్. నర్సింగ్ ఊపిరి తీసుకుందామనుకున్నాడు, వీలు కాలేదు, ఉన్న ఊపిరితోనే ఆ భుజం మీద గడ్డం ఆనించి, పారబోసింది తనేనని అనేశాడు.

"భాయ్, డ్రమ్ లీక్ నహీ హువా థా. మైఁనే గిరాయా."

వీపు మీద నాలుగో దెబ్బ పడలేదు. వెనక ఇంజను మోగుతూనే ఉంది. మక్బూల్ చేతులు ఉన్నచోటే ఆగిపోయాయి, బిగించలేదు, తీయలేదు. నర్సింగ్ కదలకుండా నిలబడ్డాడు.